తలుపు నిలపడం నుంచి పాలిష్ దాకా: ఇంట్లో ఫినిషింగ్ వడ్రంగానికి సమగ్ర మార్గదర్శి

ఇల్లు కట్టేటప్పుడు వడ్రంగి పని రెండు విడతలుగా వస్తుంది. గోడలు లేచే సమయంలో ద్వారబంధాలు నిలబెట్టడం మొదటి విడత. ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ పూర్తయ్యాక తలుపు రెక్కలు నిలపడం, బందులు (హింజ్‌లు), గడియలు, తాళాలు బిగించడం, బీడింగు కొట్టడం, పాలిష్ పెట్టడం రెండో విడత. ఫినిషింగ్ అనేది ఈ రెండోదాన్నే. మొదటి విడతలో అర అంగుళం తేడా వస్తే సిమెంటు కప్పేస్తుంది. రెండో విడతలో రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా తలుపు రాసుకుంటుంది, తాళం పడదు, ఏళ్ల తరబడి రోజూ ఇబ్బంది పెడుతుంది.

కొలవడం, గీత గీయడం, చిత్రిక పట్టడం, ఉలితో గూడు తీయడం, స్క్రూ ఎక్కించడం, పాలిష్ పెట్టడం అన్నీ ఒక్క తలుపులోనే ఉన్నాయి. దాన్ని చక్కగా నిలపగలిగినవాళ్లకు కిటికీ రెక్కలు, అల్మారా తలుపులు, పూజగది తలుపులు కష్టం కాదు. అందుకని ఒక పడకగది తలుపునే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. మెయిన్ డోర్‌కి వేరుగా చేయాల్సినవి వచ్చినచోట చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. చెక్క కదులుతుంది. వానాకాలంలో గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఆరి కుంచించుకుపోతుంది. నిలువునా దాదాపు కదలిక ఉండదు, అడ్డంగా మాత్రం ఉంటుంది. తక్కువ కదిలే చెక్కల్లో టేకు ఒకటి. అయినా 250 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలకలో తేమ 5 శాతం మారితే, కోసిన తీరును బట్టి ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. ఏప్రిల్‌లో కరీంనగర్‌లో నిలిపిన తలుపు ఆగస్టులో బిగుసుకుపోవడానికి కారణం ఇదే. తలుపు చుట్టూ వదిలే సందు ఈ కదలిక కోసమే.

చెక్క సంగతి

పడకగదులకు ఫ్లష్ డోర్, అంటే రెండు వైపులా చదునుగా, నున్నగా ఉండే తలుపు, సరిపోతుంది. కొనేటప్పుడు దానిమీద ఐఎస్ 2202 (భారత ప్రమాణం) ముద్ర ఉందో లేదో చూడండి. మందం 30 గానీ 35 గానీ మిల్లీమీటర్లు ఉండాలి. తాళం పెట్టే తలుపుకి 35 మంచిది. మెయిన్ డోర్‌కి చాలామంది టేకే కోరుకుంటారు. మహారాష్ట్రలోని బల్లార్షా టేకు అని అడిగినచోట ఆఫ్రికా తోటల టేకు అంటగట్టడం మామూలే. ఆ టేకు చెడ్డదని కాదు. చిన్న వయసులో నరికిన చెట్టులో చేవ తక్కువ, అంచుల్లో ఉండే తెల్ల చెక్క ఎక్కువ. చెదలు, పురుగు ముందు పట్టేది ఆ తెల్ల చెక్కనే. పలకను పాలిష్ లేకుండా, నీళ్లతో తడిపి చూడండి. చేవకూ తెల్ల చెక్కకూ మధ్య గీత స్పష్టంగా తేలుతుంది.

కొన్న తలుపును వెంటనే బిగించకండి. బిగించబోయే గదిలోనే రెండు వారాలు ఉంచండి. గోడకు ఆనించి నిలబెడితే వంగిపోతుంది. నేలమీద మూడు సమానమైన కర్రలు పరిచి, వాటిమీద చదునుగా పడుకోబెట్టండి. కొత్త ప్లాస్టరింగ్, పుట్టీ ఇంకా ఆరకపోతే ఆ ఇంట్లోకి చెక్కను తీసుకురావడమే తప్పు. గోడల తేమంతా చెక్క పీల్చుకుంటుంది.

పనిముట్లు

5 మీటర్ల టేపు, మూలమట్టం, రెండడుగుల స్పిరిట్ లెవెల్, పదునైన గీత కత్తి, మార్కింగ్ గేజ్ (అంచుకు సమాంతరంగా గీత లాగే పరికరం), సన్నపళ్ల రంపం, చిత్రిక, 6, 12, 25 మిల్లీమీటర్ల ఉలులు, చెక్క సుత్తి, డ్రిల్లు, రెండు మూడు క్లాంప్‌లు. ఒక తలుపుకి ఇవి చాలు. ట్రిమ్మర్ (చెక్క తొలిచే చిన్న కరెంటు మిషను) ఉంటే బందు గూళ్లు త్వరగా తీయవచ్చు. కానీ మూలలు ఎలాగూ ఉలితోనే సరిచేయాలి కాబట్టి ముందు ఉలి నేర్చుకోవడమే మేలు.

టేపు కొన ఉన్న కొక్కెం కొంచెం కదులుతుంటే పాడైందనుకోకండి. లోపలి కొలతకూ బయటి కొలతకూ కొక్కెం మందమంత తేడా వస్తుంది, ఆ తేడా సరిపెట్టడానికే దాన్ని కదిలేలా చేస్తారు. మూలమట్టాన్ని నమ్మేముందు ఒకసారి పరీక్షించండి. నిటారు అంచున్న పలకమీద ఒక గీత గీయండి, మట్టాన్ని తిరగేసి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ కలిసిపోతే మట్టం సరైనది. స్పిరిట్ లెవెల్‌నీ అలాగే రెండు చివరలు మార్చి పెట్టి చూడాలి.

ఉలి పదును దగ్గర మాత్రం రాజీ పడకండి. షాపులో కొన్న ఉలికి వాడుకునేంత పదును ఉండదు. ముందు దాని చదును వైపును, అంచుకు దగ్గరగా ఉన్న అంగుళం మేర, సానరాయిమీద అద్దంలా మెరిసేదాకా రుద్దండి. తర్వాత వాలు వైపును 25 డిగ్రీల కోణంలో 1000 గ్రిట్ (గరుకు నంబరు, పెరిగేకొద్దీ నున్నన) రాయిమీద పట్టండి. వెనకవైపు వేలికి సన్నటి గరుకు అంచు పొడవునా తగిలిందంటే ఆ వైపు పని అయినట్టే. చివర్లో కోణం కొంచెం పెంచి, 30 డిగ్రీల దగ్గర, ఇంకా నున్నటి రాయిమీద నాలుగైదుసార్లు లాగండి. వెనకవైపును చదునుగా ఒకసారి రుద్దితే ఆ గరుకు ఊడిపోతుంది. పదును వచ్చిందో లేదో తెలియాలంటే మెత్తటి చెక్క ముక్క అడ్డకోత వైపు చెక్కి చూడండి. పొడి రాలితే ఇంకా రాలేదు. సన్నటి పొర లేచి, చెక్కిన చోటు మెరిస్తే వచ్చినట్టు. మొద్దుబారిన ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం ఎక్కువైతే ఉలి జారుతుంది. చేతులు తెగేది ఎక్కువగా అప్పుడే.

చెక్క దుమ్మును తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది. మెడలో తువ్వాలు ముక్కుకి చుట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. కళ్లద్దాలూ తప్పనిసరి.

మొదటి మెట్టు: ద్వారబంధాన్ని పరీక్షించడం

తలుపు సరిగా పడకపోవడానికి సగం కారణాలు ద్వారబంధంలోనే ఉంటాయి. రెండు నిలువు కర్రలూ నిటారుగా ఉన్నాయా అని గుండు వేలాడదీసి చూడండి. ముందు వైపు నుంచీ, పక్క నుంచీ రెండు దిశల్లోనూ చూడాలి. ఎదురు మూలల మధ్య రెండు కొలతలూ తీయండి. తేడా 3 మిల్లీమీటర్లు దాటితే రెక్కను ఆ వంకరకు తగ్గట్టు కోయాల్సి ఉంటుంది.

మెలిక ఉందో లేదో తెలుసుకోవడానికి ఎదురెదురు మూలల నుంచి రెండు దారాలు అడ్డంగా, ఎక్స్ ఆకారంలో, బిగుతుగా కట్టండి. మధ్యలో దారాలు ఒకదానికొకటి ఆనీ ఆననట్టు ఉంటే బంధం చదునుగా ఉన్నట్టు. మధ్యలో ఖాళీ కనిపించినా, ఒకటి ఇంకోదాన్ని నెడుతున్నా మెలిక ఉన్నట్టే. అలాంటి బంధంలో ఎంత బాగా కోసిన రెక్కైనా ఒక మూల పైకి తేలి ఉంటుంది. మెలిక తక్కువైతే కింది బందును ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిపి సర్దవచ్చు. ఎక్కువైతే మేస్త్రీని పిలిచి బంధాన్నే సరిచేయించాలి, వేరే మార్గం లేదు.

తలుపు తిరిగే మేరకు నేలను కూడా చూడండి. తలుపు మూసి ఉన్నచోట కంటే గోడ దగ్గర టైల్స్ అడుగున వదిలే సందుకంటే ఎక్కువ ఎత్తుగా ఉంటే, పూర్తిగా తెరిచేటప్పుడు అడుగు రాసుకుంటుంది.

ఎటు తెరుచుకోవాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. స్విచ్ బోర్డు తలుపు వెనక పడకూడదు. మెయిన్ డోర్ విషయంలో వాస్తు ప్రకారం ఎటు తిరగాలో పెద్దవాళ్లను ముందే అడగండి. గూళ్లు తీశాక వైపు మార్చమంటే ద్వారబంధం మీద ఆ మచ్చ ఎప్పటికీ పోదు. దోమల జాలీ తలుపు పెట్టే ఆలోచన ఉంటే ద్వారబంధానికి రెండు వైపులా గాడి ఉండాలి. ఆ మాట బంధం చేయించేటప్పుడే చెప్పాలి.

రెండో మెట్టు: కొలత, కోత

వెడల్పు పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలవండి. ఎత్తు రెండు పక్కలా కొలవండి. చిన్న కొలతను బట్టి రెక్కంతా కోసేయడం కాదు, ద్వారబంధం ఆకారమే రెక్కకు రావాలి. సందు లెక్క ఇలా పెట్టుకోండి: పైన 2 నుంచి 3 మిల్లీమీటర్లు, బందుల వైపు 2, తాళం వైపు 3, నేల దగ్గర 5 నుంచి 6. తేమ ఎక్కువుండే కోస్తా ఊళ్లలో, నిండు చెక్క తలుపైతే, ఎండాకాలంలో పని చేస్తుంటే తాళం వైపు మరో మిల్లీమీటరు వదలండి. వానాకాలంలో చేస్తుంటే ఆ అదనం అక్కర్లేదు, అప్పటికే చెక్క ఉబ్బి ఉంటుంది.

ఫ్లష్ డోర్ లోపల చుట్టూ ఒక చెక్క చట్రం ఉంటుంది. ఒకే వైపు ఎక్కువ కోస్తే అక్కడ చట్రం పలచబడి స్క్రూలకు పట్టు పోతుంది. 10 మిల్లీమీటర్లు తగ్గించాలంటే రెండు పక్కలా అయిదేసి తీయండి.

కోసే గీతను పెన్సిల్‌తో గీసి వదిలేయకండి. స్టీలు స్కేలు ఆనించి గీత కత్తితో రెండు మూడుసార్లు లోతుగా లాగండి. పైపొర నార అక్కడే తెగిపోతుంది కాబట్టి రంపం వేసినప్పుడు అంచు పెచ్చులూడదు. గీతకు బయటివైపు, వదిలేసే ముక్కలో రంపం నడపండి. మిగిలిన మిల్లీమీటరును చిత్రికతో తీయండి. చిత్రిక పట్టేటప్పుడు నార ఏ వైపు లేస్తోందో చూసుకుని, దానికి అనుకూలంగా నడపాలి. ఎదురు నడిపితే చెక్క చీరుకుపోతుంది. పై అంచు, కింది అంచు దగ్గర రెండు చివరల నుంచి మధ్యకు రండి. ఒక చివర నుంచి ఇంకో చివరకు నేరుగా తోస్తే అవతలి మూల విరిగిపోతుంది.

తాళం వైపు అంచును నేరుగా ఉంచకూడదు. తలుపు తిరిగేటప్పుడు ఆ అంచు వెనక మూల కొంచెం ముందుకు వస్తుంది. అందుకని 35 మిల్లీమీటర్ల మందానికి ఒకటిన్నర మిల్లీమీటరు చొప్పున, మూసుకునే వైపుకి చిన్న వాలు పెట్టండి. ఈ వాలు పెడితే సందు సన్నగా కనిపిస్తూనే తలుపు తగలకుండా తిరుగుతుంది.

మూడో మెట్టు: బందులు

బందులను షాపులో హింజ్‌లని అడగండి. ఫ్లష్ డోర్‌కి 4 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు బందులు మూడు కావాలి, టేకు మెయిన్ డోర్‌కి 5 అంగుళాలవి నాలుగు. పైబందు తలుపు పై అంచు నుంచి 6 నుంచి 7 అంగుళాల కింద, కింది బందు అడుగు నుంచి 9 నుంచి 10 అంగుళాల పైన ఉండాలి. మూడోదాన్ని సరిగ్గా మధ్యలో పెట్టడం మన దగ్గర అలవాటు. రెక్క మధ్యలో వంగకుండా అది కాపాడుతుంది. తలుపు బరువైనదైతే మాత్రం మూడోదాన్ని పైబందుకు దగ్గరగా జరపమంటాను. తలుపు బరువు పైబందును ద్వారబంధం నుంచి ఊడదీసేలా లాగుతుంది, కింది బందును లోపలికి నొక్కుతుంది. 45 కిలోల టేకు తలుపు 900 మిల్లీమీటర్ల వెడల్పుంటే, పై, కింది బందుల మధ్య దూరం 1650 అయితే, పైబందు మీద పక్కకు పడే లాగుడు సుమారు 12 కిలోలు. ఇది తలుపు కదలకుండా ఉన్నప్పటి లెక్క. పిల్లలు గడియ పట్టుకుని వేలాడితే ఇది ఎన్నో రెట్లు పెరుగుతుంది. తలుపు వాలిపోయిందంటే ముందు పైబందు స్క్రూలు చూడమనేది అందుకే.

బందును రెక్క అంచుమీద పెట్టి చుట్టూ గీత కత్తితో గీయండి. మార్కింగ్ గేజ్‌ని బందు రేకు మందానికి సరిచేసి లోతు గీత లాగండి. ముందు ఉలిని గీతమీద నిలువుగా పెట్టి చుట్టూ తేలిగ్గా కొట్టండి. తర్వాత అయిదారు మిల్లీమీటర్ల ఎడంలో అడ్డంగా వరసగా గాట్లు పెట్టండి. అప్పుడు పక్క నుంచి ఉలిని చదును వైపు కిందికి ఉంచి, సుత్తి లేకుండా చేతి ఒత్తుడుతోనే పొరలు పొరలుగా తీయండి. రేకు వేలితో నొక్కితే దిగి, చెక్కతో సమంగా కూర్చోవాలి.

లోతు తక్కువైతే సందు పెరుగుతుంది. ఎక్కువైతే ఇంకా పెద్ద ఇబ్బంది: తలుపు మూసేటప్పుడు చెక్కకు చెక్క ముందే తగిలి, వదలగానే స్ప్రింగులా వెనక్కి తెరుచుకుంటుంది. అలా జరిగితే రేకు కింద సన్మైకా ముక్క సరిపడా కత్తిరించి పెట్టండి. అట్టముక్క పెడితే నాలుగు రోజులకే నలిగిపోతుంది.

ఇప్పుడు స్క్రూల మాట. స్క్రూను సుత్తితో కొట్టి, ఆఖరి రెండు చుట్లు మాత్రం స్క్రూడ్రైవర్‌తో తిప్పడం సైట్లలో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఇది ఎవరు చేసినా ఒప్పుకోకండి. కొట్టిన స్క్రూ నారను చీల్చుకుంటూ దిగుతుంది, మరలు పట్టుకోవడానికి చెక్క మిగలదు. ఆరు నెలల్లో వదులవుతుంది. 8 నంబరు స్క్రూకి టేకులో 3 మిల్లీమీటర్ల రంధ్రం ముందుగా వేయండి, మెత్తటి చెక్కలో రెండున్నర చాలు. రంధ్రం రేకు కన్నం నడిమధ్యలో పడాలి, పక్కకు పోతే స్క్రూ బిగిస్తున్నకొద్దీ బందు జరుగుతుంది. స్క్రూ మరలకు కొవ్వొత్తి మైనం రాస్తే సులువుగా ఎక్కుతుంది. ఇత్తడి స్క్రూలు టేకులో తల తెగిపోతాయి. ముందు అదే సైజు ఇనుప స్క్రూ ఎక్కించి, తీసేసి, ఆ దారిలో ఇత్తడిది ఎక్కించండి.

మూడు బందులూ రెక్కకు బిగించాక, రెక్కను ద్వారబంధంలో నిలిపి, అడుగున చీలిక ముక్కలు తోసి, పైసందు సరిగ్గా వచ్చేదాకా లేపండి. బందుల స్థానాలు ద్వారబంధం మీద కత్తితో గుర్తుపెట్టి అక్కడా గూళ్లు తీయండి. ఈ పనికి తోడు మనిషి ఉండాలి. మొదట ఒక్కో బందుకి ఒక్కో స్క్రూయే వేసి తలుపు తిప్పి చూడండి. సగం తెరిచి వదిలితే అక్కడే ఆగాలి. తనంతట తాను కదిలితే ద్వారబంధం వాలి ఉండాలి, లేదా బందుల ఇరుసులు ఒకే గీతలో లేకపోయి ఉండాలి. సర్దాల్సింది సర్దాకే మిగతా స్క్రూలు వేయండి.

తాళం, గడియలు

తాళం చేయి నేల నుంచి ఒక మీటరు ఎత్తులో ఉంటే అందరికీ అందుతుంది. పలకల తలుపులో ఒక జాగ్రత్త ఉంది. నిలువు చట్రం, అడ్డ చట్రం కలిసే కీలు దగ్గర మోర్టైజ్ తాళం (తలుపు మందంలోకి దిగే తాళం) గూడు తీయకూడదు. లోపలి కూర్పు తెగిపోయి తలుపే బలహీనపడుతుంది. ఎత్తు ఒకటి రెండు అంగుళాలు మార్చైనా ఆ చోటు తప్పించండి.

గూడు కోసం అంచు మధ్యలో ఒక గీత లాగి, తాళం మందానికి సరిపడే డ్రిల్ బిట్‌తో వరసగా రంధ్రాలు వేసి, మధ్య గోడలను ఉలితో తీసేయండి. డ్రిల్లు నిటారుగా నడవడం ముఖ్యం. బిట్ మీద అంటించే టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. ద్వారబంధంలో ఎదురు రేకు ఎక్కడ పడాలో తెలియాలంటే, తాళం నాలుక చివరకు కొంచెం లిప్‌స్టిక్ రాసి తలుపు మూసి, నాలుక తిప్పండి. మచ్చ పడినచోటే కన్నం.

టవర్ బోల్టులు (నిలువు గడియలు), ఆల్‌డ్రాప్ (తాళంకప్ప వేసే పెద్ద అడ్డ గడియ) బిగించడం సులువే. పైగడియను తలుపుకు పూర్తిగా బిగించాకే ద్వారబంధంలో కన్నం గుర్తు పెట్టండి. తలుపు వెనక గోడకు తగలకుండా స్టాపర్ మర్చిపోవద్దు. గాలికి తలుపు గట్టిగా కొట్టుకుంటే ఆ దెబ్బంతా బందుల స్క్రూల మీదే పడుతుంది.

బీడింగు

ద్వారబంధానికీ ప్లాస్టరింగ్‌కీ మధ్య బీట కనిపించకుండా చుట్టూ కొట్టే పట్టీయే బీడింగు. మూలల్లో 45 డిగ్రీల కోత అని అందరికీ తెలుసు. గోడా బంధమూ కలిసే మూల సరిగ్గా 90 ఉండటం అరుదు కాబట్టి, 45 కోసి కలిపితే ఒకవైపు సందు పడుతుంది. రెండు పట్టీలనూ వాటి స్థానంలో ఒకదానిమీద ఒకటి దాటేలా పెట్టి, దాటిన రెండు బిందువులను గుర్తుపెట్టి, వాటిని కలుపుతూ కోయండి. కోణం ఎంతైనా సరిపోతుంది. పై పట్టీ ముందు, నిలువు పట్టీలు తర్వాత. నిలువు పట్టీలను కొంచెం పొడవుగా కోసుకుని, సరిపడేదాకా చిత్రికతో తగ్గించుకుంటూ రండి.

సన్నటి పట్టీకి మేకు కొడితే చీలుతుంది. మేకు మొనను సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి మొద్దుబరిస్తే చీల్చకుండా నారను తెంచుకుంటూ దిగుతుంది. మేకు తలను పంచ్‌తో ఒక మిల్లీమీటరు లోపలికి దించి, ఆ చెక్క సన్నటి పొట్టునే ఫెవికాల్‌తో కలిపి పూడ్చండి. ఫెవికాల్ బయటికి ఉబికితే తడి గుడ్డతో అప్పుడే తుడిచేయాలి. అది ఆరినచోట స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగు) ఇంకదు, పాలిష్ కింద తెల్లటి మచ్చగా కనిపిస్తుంది.

పాలిష్

సాండ్ పేపర్ 120తో మొదలుపెట్టి 180, 220 వరకు, ఎప్పుడూ నార వెంబడే రుద్దండి. అడ్డంగా పడిన గీతలు మామూలు వెలుతురులో కనిపించవు, పాలిష్ పడ్డాకే బయటపడతాయి. గది చీకటి చేసి, టార్చిలైటును చెక్కకు పక్కగా పట్టి చూస్తే ముందే దొరుకుతాయి. దుమ్మంతా తుడిచాక, టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి థిన్నర్‌తో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. ఆ తర్వాత చెక్క రంధ్రాలను మూసే సీలర్, 320తో తేలికపాటి రుద్దుడు, ఆపైన పాలిష్ కోట్లు. లోపలి తలుపులకు మెలమైన్ పాలిష్ చాలు. ఎండ, వాన తగిలే మెయిన్ డోర్‌కి బయట వాడకానికి తయారుచేసిన పీయూ (పాలీయురెథేన్) పాలిష్ వేయించండి. ముసురు పట్టిన రోజున పాలిష్ పని పెట్టుకోవద్దు. గాలిలోని తేమకు పొర తెల్లబారుతుంది.

ఎక్కువమంది వదిలేసేది తలుపు పై అంచు, కింది అంచు. రెండూ కంటికి కనిపించవు. నార చివరలు తెరుచుకుని ఉండేది అక్కడే, తేమను అన్నిటికంటే వేగంగా పీల్చేదీ అక్కడే. అడుగు తుడిచే నీళ్లు రోజూ తగులుతుంటాయి. తలుపు నిలిపి, సరిగ్గా తిరుగుతోందని చూసుకున్నాక, దాన్ని మళ్లీ ఊడదీసి ఈ రెండు అంచులకూ, తాళం గూడు లోపలా, బందు గూళ్లలోనూ రెండు కోట్లు సీలర్ పట్టించండి. వానాకాలంలో తలుపు బిగుసుకుపోవడం దీనితో చాలావరకు తగ్గుతుంది.

గడపకు పసుపు రాసే ఇళ్లలో గడప మీద మెరిసే పాలిష్ వేయించడం వృథా. నూనె, పసుపు, తడిగుడ్డ కలిసి కొన్నాళ్లకే పొరను లేపేస్తాయి. పసుపు రంగు ఎనామిల్ వేయించుకుని, ఏటా సంక్రాంతికో ఉగాదికో మరో కోటు వేసుకోవడం తేలిక.

తర్వాత వచ్చే చిక్కులు

వానల్లో తలుపు బిగుసుకుంటే వెంటనే చిత్రిక పట్టించకండి. ముందు స్క్రూలు బిగించండి. పైబందు స్క్రూ తిరుగుతూనే ఉండి పట్టకపోతే, ఆ రంధ్రాన్ని 8 మిల్లీమీటర్లకు పెంచి, గట్టి చెక్క చీలను ఫెవికాల్‌తో దించి, మర్నాడు కొత్తగా రంధ్రం వేసి స్క్రూ ఎక్కించండి. అగ్గిపుల్లలు దూర్చడం నాలుగు రోజుల వైద్యమే. అప్పటికీ రాసుకుంటుంటే, అంచుకూ ద్వారబంధానికీ మధ్య కార్బన్ కాగితం పెట్టి తలుపు మూసి తెరవండి. మచ్చ పడినచోటే తగులుతోంది. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, వీలైతే వానలు తగ్గేదాకా ఆగండి. ఉబ్బి ఉన్నప్పుడు మూడు మిల్లీమీటర్లు తీసేస్తే మే నెలలో ఆ సందులోంచి పక్కగది లైటు కనిపిస్తుంది. ఆగే వీలు లేకపోతే తగిలినంత మేర పలచగా ఒక పొర మాత్రమే తీయించండి, తీసినచోట అదే రోజు సీలర్ రాయండి.